మోటారు సైకిలునకు పనిముట్ల సంచి కట్టు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవ సందర్భమున జరుగుచున్న ఉపన్యాసములలో నిన్నటివరకు భారతము, భాగవతము, శతకములు మున్నగు పెద్ద విషయములు వచ్చినవి. నేనును ఏ ప్రబంధమును గూర్చియో మాటలాడుదునని కార్యదర్శిగారు తలంచిరి. విషయమేమని వారడుగగా, మోటారు సైకిలునకు పనిముట్ల సంచి కట్టుటను గూర్చి యని చెప్పితిని. వారు కొంతసేపు నావైపు చూచి, “లెక్కలవారు హాస్యమాడుచున్నారు” అనిరి. హాస్యము కాదు. ఈ సభలో కూర్చున్నవారిలో బండి లేని యింటివారు ఎందఱో చేతులెత్తుడని అడిగినచో మూడు నాలుగు చేతులకు మించి లేవవు. బండి యున్నవారిలో సంచిని సరిగా కట్టినవారిని చేతులెత్తుమన్నచో అన్ని చేతులును లేవవేమో. అందుచేత ఈ విషయము నెన్నుకొంటిని.

నేను బడిలో చదివినది పదియవ తరగతి వరకే. ఈ యూరి లెక్కలు వ్రాసికొనుచు, సాయంకాలములందు ఈ గ్రంథాలయపు బల్లమీద కూర్చుండి నేర్చినదే నా తక్కిన చదువు. కావున నా మాటలలో పానాలును పర్వములును కలిసి వచ్చును. మన్నింపుడు.

మన పెద్దలకు ఈ శాస్త్రము తెలియనిది కాదు. ఎడ్లబండ్లు నడచిన దినములలో బండి క్రింద కందెన గొట్టము వ్రేలాడుచుండెడిది. ఆముదము, మసి కలిపిన కందెన అందులో నుండెడిది. ఇరుసు కీచుమన్నచో బండివాడు దిగి, గొట్టము తీసి, కందెన వైచి, కడచీల సరిచూచుకొని మరల నెక్కెడివాడు. ఆ గొట్టమును బండి వెనుక తోకవలె వ్రేలాడదీయలేదు. ఎద్దు మెడకు కట్టలేదు. చక్రముల నడుమ, క్రిందుగా, చేతికందు చోట కట్టినాడు. నేను గంటసేపు చెప్పబోవునది ఆ బండివాడు చెప్పకయే చేసి చూపినాడు.

1950ల నడిమి కాలమున మదరాసులో, అనగా నేటి చెన్నైలో, ఎన్‌ఫీల్డు బుల్లెట్టు బండ్లు మన దేశమున తయారగుట మొదలైనది. ఆ పాత బండ్లకు ప్రక్కన మూతగల ఇనుప పెట్టె యుండెడిది. పనిముట్లకు వేఱుగ సంచి వెదకుకొన నక్కరలేకుండెడిది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చిన పిమ్మట తేలికయైన బండ్లే యూరూర వ్యాపించినవి. అవి పెట్రోలు తక్కువ త్రాగును, మంచిదే. కాని పనిముట్లకు వానియందు మిగిలిన చోటు ప్రక్క తొడుగు వెనుక గుప్పెడంత. కంపెనీవారిచ్చు చిన్న చుట్ట అందులో పట్టును. పంపు పట్టదు, టైరు లీవర్లు పట్టవు, పంక్చరు సామాను పట్టదు. కావున సంచి కావలసివచ్చును. సంచి వచ్చిన వెంటనే దానిని ఎక్కడ కట్టవలెనను ప్రశ్న వచ్చును. దీనికి మనవారు చెప్పు జవాబు “ఎక్కడ ఖాళీ యున్న అక్కడ” అని. చిక్కంతయు అచ్చటనే యున్నది.

మొదట హ్యాండిలు సంగతి. కూరగాయల సంచి తగిలించు అలవాటుచేత పనిముట్ల సంచినిగూడ కొందఱు అచ్చటనే తగిలింతురు. కూరగాయలును అచ్చట తగిలింపరాదు గాని, ఆ మాట నేటి కుపన్యాసము కాదు. రెండు కిలోల ఇనుము హ్యాండిలున ఒకప్రక్క ఊగుచుండగా, మలుపు తిరిగినప్పుడెల్ల చేయి ఒకటి తలచును, సంచి యొకటి తలచును. క్లచ్చి వైరు, బ్రేకు వైరు దాని క్రింద నలుగును. 

పిమ్మట వెనుక క్యారియరు. ఇది అందఱికి నచ్చు చోటు. నా వృత్తి లెక్కలు గనుక లెక్కవేసి చెప్పెదను. నూఱు సీసీ బండికి రెండు చక్రముల నడిబొడ్డుల నడుమ దూరము ఇంచుమించు నాలుగడుగులు. 5 కిలోల సంచిని వెనుక చక్రపు ఇరుసునకు ఒక అడుగు వెనుకగా కట్టితి మనుకొందము. తూకమున అది 5 కిలోలే. కాని బండి చిట్టాలో వెనుక చక్రము పేర 6¼ కిలోలు చేరును. ముందు చక్రము పేర 1¼ కిలో తగ్గును. కూడి తీసివేసిన 5 కిలోలే తేలును, లెక్క సరిపోయినది. అయినను బండి స్వభావము మారినది. దీనిపై వెనుక నొక మనిషి, ఆ మనిషి యొడిలో బియ్యపు మూట. ముందు చక్రము తేలికపడి, ఇసుకబాటలో హ్యాండిలు వణకును. మనము బండిని తిట్టుదుము. అదే సంచిని రెండు చక్రములకు సరిగా నడుమ కట్టినచో చెరి 2½ కిలోలు. ఏ చక్రమునకును ఫిర్యాదు లేదు.

ఇక ప్రక్కల సంగతి. ఇచ్చట నా యింటి కథ యొకటి చెప్పవలసి యున్నది. దానిని చెప్పుటకే యీ విషయ మెన్నుకొంటి నన్నను తప్పులేదు.

పదునేడేండ్ల క్రిందటి మాట. నా భార్య చెల్లెలి బిడ్డకు అన్నప్రాశనము. వేకువననే బయలుదేరవలెనని ముందటి రాత్రియే బండి సిద్ధము చేసితిని. అంతకు వారము క్రిందటనే క్రొత్త కాన్వాసు సంచి యొకటి కుట్టించి యుంటిని. సైలెన్సరు కుడిప్రక్క నుండుటచే వేడి తగులునని యెంచి, తెలివిగలవాడను గనుక, ఎడమప్రక్కన చీర చక్రమున పడకుండ నుండు గార్డునకు దానిని నవారుతో కట్టితిని. రెండు ముడులు వైచిన తరువాత మూరెడు నవారు మిగిలినది. కోసివేయుటకు మనసొప్పలేదు. ఎప్పుడైన పనికివచ్చునని మడిచి సంచి క్రింద దోపితిని.

మన స్త్రీలు ఎడమప్రక్కకు తిరిగి కూర్చుందురు. వారి పాదములుంచు చోటు ఆ గార్డు మీదనే. అది నాకు తట్టలేదు. ఆమె పాదములు సంచిమీద ఆనినవి. గతుకు వచ్చినప్పుడెల్ల సంచి లోపలికి నొక్కుకొనెను. కాలువగట్టు మీద రెండు మైళ్ళు పోవునప్పటికి దోపిన నవారు జారి చక్రపు పుల్లలలో పడినది. అప్పుడు వేగము 40 కిలోమీటర్లు ఉండును. పిమ్మట నేను లెక్కవేసితిని: చక్రపు చుట్టుకొలత దాదాపు ఆఱడుగులు, ఆ వేగమున సెకనుకు నడచునది 11 మీటర్లు, అనగా సెకనుకు ఇంచుమించు ఆఱు చుట్లు. మూరెడు నవారు చుట్టుకొనుటకు చక్రము ఒక్కమాఱు తిరిగిన చాలును. సంచి చక్రములోనికి లాగబడి, చక్రము నిలిచిపోయి, బండి జారినది. నాకు మోకాలు గీచుకొన్నది. ఆమె చేయి ఆనించి పడుటచే కుడి మణికట్టు ఎముక విరిగినది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 123వ నియమ మొకటి కలదు. వెనుక కూర్చున్నవారు పట్టుకొనుటకు పిడి, కాళ్ళుంచుటకు ఆధారము, వారి వస్త్రములు చిక్కుకొనకుండ వెనుక చక్రములో సగమునకు తక్కువ గాకుండ కప్పు రక్షణ ఉండవలెనని దాని తాత్పర్యము. చక్రములో గుడ్డ పడకుండుటకు చట్టము పెట్టించిన కమ్మికి నేను మూరెడు గుడ్డను కట్టితిని. ఇంతకంటె నా తెలివిని గూర్చి చెప్పవలసినది లేదు.

ఆఱు వారములు పిండికట్టు. ఆ దినములలో వంట నేను చేసితిని. ఆ వంటను గూర్చి మా పిల్లలు వేఱుగ నుపన్యసింపగలరు. కట్టు విప్పిన దినమున ఆమె ఒక్కమాట యన్నది. “ఏమండీ, లెక్కలో రూపాయి తేడా వస్తే రాత్రంతా దీపం ఆర్పరు గదా. ఆ ముడి రెండోసారి ఎందుకు చూడలేదు?” నాకు జవాబు తోచలేదు. నేటికిని తోచలేదు. చలికాలమున ఆ మణికట్టు బాధించునని ఆమె చెప్పదు. జొన్నరొట్టె తట్టునప్పుడు నడుమ చేయి మార్చుకొనుట మాత్రము నేను చూచుచుందును.

ఆ తరువాత కొన్ని నెలలు సంచి లేకయే తిరిగితిని. ఒకనాటి రాత్రి మండల కేంద్రమునుండి వచ్చుచు, ఎనిమిది కిలోమీటర్లు పంక్చరు బండిని త్రోసికొని వచ్చితిని. భుజమున లెక్కల పుస్తకములు, పైన వాన. సంచి కట్టుట తప్పు కాదు, నేను కట్టిన విధము తప్పని అప్పుడు స్థిరపడినది.

ఆ రోజులలోనే విరాటపర్వము మరల చదువుచుంటిని. అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు తమ యాయుధములను మూటగట్టి శ్మశానము దాపునగల జమ్మిచెట్టు మీద దాచిన కథ మీరందఱు నెఱిగినదే. విజయదశమి నాడు మనము జమ్మిని పూజించునప్పుడు ఆ కథనే తలచుకొందుము. ఎన్నిమాఱులు చదివినను నాకు అంతకుముందు కట్టిన విధము కంటబడలేదు. వ్యాసభారతమున వాన తగులని తావు చూచి, గట్టి త్రాళ్ళతో బిగించి కట్టినట్లు చెప్పబడినది. ఏడాది గడచిన తరువాత బృహన్నల చెప్పగా ఉత్తరుడు చెట్టెక్కి దింపినాడు. నాటి యుద్ధమునకే గాండీవము పనికివచ్చినది. వాన తగులని తావు, జారని కట్టు, అవసరమునకు అందుట — ఈ మూడును జమ్మిచెట్టు మీద నున్నవి. నా బండిమీద ఒకటియు లేకుండెను.

కర్ణుని కథ యిందుకు ఎదురు. తన వెంట బాణములు నింపిన బండ్లును, మంచి రథములును రావలెనని అతడు ముందుగనే దుర్యోధను నడిగి యేర్పాటు చేసికొన్నాడు. ఐనను చక్రము క్రుంగిన గడియలో ఒంటరిగా దిగి, తన చేతులతోనే యెత్తవలసివచ్చెను. శాపములు వేఱు కారణము, నిజమే. కాని వెంట నుండుట వేఱు, చేతికందుట వేఱు. మన కుఱ్ఱవారు “ఫోను చేసినచో మెకానిక్కు రాడా” యందురు. వచ్చును. పగలు వచ్చును, ఊరిలో వచ్చును. రాత్రి చెఱువుకట్ట మీదికి ఎవడు వచ్చును?

ఇప్పుడు నేను కట్టుకొన్న విధము చెప్పెదను. ఇంజనుకు ముందు, కాళ్ళకు రక్షగానుండు గార్డు కలదు గదా. దాని నిలువు కమ్ములకు లోపలివైపున, కుడి యొకటి, ఎడమ యొకటిగా రెండు చిన్న సంచులు. ఒక పెద్ద సంచిని నడుమ కట్టరాదు. మన బండ్ల ఇంజను గాలితో చల్లబడునది. దాని రెక్కలకు ఎదురుగాలి తగులవలెను. నడుమ సంచి కట్టుట, ఎండలో నడచువాని ముక్కు మూయుటయే. కావడివలె రెండు ప్రక్కల సరితూగునట్లు ఇనుమును పంచితిని. కిరాణా దుకాణమున తూయించితిని. ఒక్కొక్కటి 1 కిలో 400 గ్రాములు. దుకాణదారు నవ్వినాడు. త్రాసు మాత్రము నవ్వలేదు.

సంచి గార్డు వంపునకు వెలుపలికి పొడుచుకొని రాకూడదు. బండి పడినచో మొదట నేలను తాకునది ఆ వంపే. దానిని దాటి సంచి యున్నచో పానాలు చెదరి మన కాలికే తగులును. ముందు చక్రము సంగతి మఱవరాదు. బండి నిలిపి చూచినప్పుడు చక్రమునకును సంచికిని నడుమ చాలినంత ఎడము కనబడును. గతుకులో ముందు షాకులు క్రుంగి మడ్‌గార్డు పైకి వచ్చునప్పుడు ఆ ఎడము తగ్గును. కావున ఇద్దఱు మనుష్యులను కూర్చుండబెట్టి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిలును బలముగా క్రిందికి నొక్కి చూడవలెను. హ్యాండిలును కుడి కొసకు, ఎడమ కొసకు పూర్తిగ త్రిప్పి చూడవలెను. అన్ని స్థితులలోను నాలుగు వ్రేళ్ళు దూరు సందు మిగులవలెను. వెనుకబ్రేకు పాదము, గేరు పాదము ఆడుటకు అడ్డు రాకూడదు.

కట్టునకు త్రాడు వలదు. జారుముడి పేరునకు తగినట్లు జారును. పీటముడి జారదు, వానలో తడిసినచో విప్పవలసిన వేళ విడువదు. పాత ట్యూబు కోసిన పట్టీలు మనకందఱికి ప్రియమైనవి, కాసు ఖర్చు లేనివి. ఎండకు పగిలి, చెప్పకుండ తెగును. కొక్కెముల రబ్బరు త్రాళ్ళు చాపచుట్టకు చాలును గాని ఇనుమునకు చాలవు. అవి సాగును గనుక సంచి ఊగును, ఊగినది ఎప్పటికైన జారును. మా చర్మకారుడు రెండంగుళముల తోలుపట్టీలకు ఇత్తడి బకిళ్ళు కుట్టి యిచ్చినాడు. ఒక్కొక్క సంచికి పట్టీలు రెండు కాదు, మూడు: పైన ఒకటి, క్రింద ఒకటి, అడ్డముగా ఒకటి. రెండు పట్టీలపై సంచి ద్వారబంధమునకు తలుపువలె ఆడును. మూడవది ఆ యాటను కట్టును. పట్టీ క్రింద కమ్మికి పాత ట్యూబు ముక్క చుట్టవలెను. ట్యూబునకు తగిన ఉద్యోగ మదియే. దానిచే తోలు ఒరయదు, పట్టీ జారదు. మిగిలిన కొసను బకిలు ప్రక్కనున్న ఉచ్చులో దూర్చి, వ్రేలెడుకంటె ఎక్కువ యున్నచో కోసివేయవలెను. కోసివేయవలెనని రెండవమాఱు చెప్పుచున్నాను. ఎప్పుడైన పనికివచ్చునని దాచినది నాకు ఎట్లు పనికివచ్చినదో వింటిరి.

క్రొత్త తోలు సాగును. కట్టిన తరువాత పది కిలోమీటర్లు పోయి దిగి ఒక రంధ్రము బిగింపవలెను. ఆ తరువాత వారమున కొకమాఱు చాలును.

బండి చట్రమునకు రంధ్రములు వేయించుటగాని, కొక్కెములు వెల్డింగు చేయించుటగాని కూడదు. చట్రము బండికి వెన్నెముక. దానిని కాల్చి అతికించిన చోట, లేదా తొలిచిన చోట, కొన్నాళ్ళకు పగులు పుట్టవచ్చును. ఆధారము తప్పదన్నచో ఇనుపపట్టీ వంచి, ఉన్న బోల్టుల క్రిందనే బిగించుకొనవలెను. గార్డు లేని బండివారు క్యారియరు మీదనే కట్టుకొనక తప్పదు. అట్టివారు సంచిని సీటు నంటునట్లు ముందుకు జరిపి, పొడవున గాక అడ్డముగా పరుండబెట్టుడు. పెద్ద పెట్టె పెట్టదలచినవారు 2020లో వచ్చిన సవరణను తెలిసికొనుడు: పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లకు మించరాదు. వెనుక మనిషి కూర్చుండు చోటున పెట్టె పెట్టినచో ఆ బండిమీద నడపువా డొక్కడే పోవలెను.

సంచిలో నేమి యుండవలెనో క్లుప్తముగా చెప్పెదను. ఎవరి బండికి తగినది వారికి తెలియును. ఎడమ సంచిలో పానాలు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, కటింగు ప్లేయరు, క్రొత్త ప్లగ్గొకటి, క్లచ్చి వైరొకటి, చైను లింకు ఒకటి, ఫ్యూజులు. కుడి సంచిలో చిన్న పంపు, టైరు లీవర్లు, పంక్చరు సామాను. ట్యూబు లేని టైరులవారికి లీవర్లు వలదు. చక్రము విప్పకయే రంధ్రమున రబ్బరు పురి దూర్చు సామాను చాలును. పానాలను విడివిడిగా నూనెగుడ్డలో చుట్టవలెను. ముందు చక్రము చిమ్ము బురద ఆ సంచులకు నిత్యాభిషేకము చేయును గనుక మూత పైనుండి క్రిందికి వ్రాలి సగము సంచిని కప్పవలెను. చప్పుడు కాకుండుటకును ఆ చుట్టుట అవసరము. చప్పుడు చేయు సంచి దొంగకు తన విలాసము చెప్పుకొనును.

మూత లోపల సామాను పట్టిక అంటించితిని. వస్తువు పేరు, సంఖ్య, ఎరువు తీసికొన్నవారి పేరు, తేది. దీనిని చూచి కొందఱు నవ్వుదురు. మన గ్రంథాలయమున పుస్తకములకు చిట్టా యున్నది గదా, నవ్వుదుమా? నా యనుభవమున పుస్తకము తిరిగి యిచ్చువారికంటె ప్లగ్గు పానా తిరిగి యిచ్చువారు తక్కువ. పుస్తకము తెచ్చిపెట్టనివాడు కనీసము దానిని చదువుచుండునని మనసును సమాధానపఱచుకొనవచ్చును.

నేను బండి కొంటి ననుకొన్నప్పటికంటె, ఈ సంచులు కట్టిన నాటి సాయంకాలమే నాకెక్కువ జ్ఞాపకము. బండి వాకిట నిలిపి, ఆమెను పిలిచి చూపితిని. ఆమె మాటలాడలేదు. కూర్చుండి మూడు పట్టీలను ఒక్కొక్కటిగా ఎడమచేతితో లాగి చూచినది. పిమ్మట ఎడమప్రక్క గార్డు ఖాళీగా నున్నదో లేదో వంగి చూచి లోనికి పోయినది. మఱునాడు నా వెనుక కూర్చున్నది. ఆ ప్రమాదమునకు తరువాత అదే మొదటిమాఱు. అంతవరకు ఎక్కడికైనను బస్సులోనే పోయెడిది.

బండి ఇప్పుడు గ్రంథాలయము ముందు వేపచెట్టు క్రింద నున్నది. సభ ముగిసిన పిమ్మట కుఱ్ఱవారు వచ్చినచో పట్టీలు విప్పి, మరల కట్టి చూపెదను. పనిముట్లన్నియు తీసి చూడవచ్చును. పట్టికలో పదునాలుగవ నంబరు పానా కనబడదు. గత శనివారము దానిని తీసికొనిపోయినవారు ముందటి వరుసలోనే కూర్చున్నారు. పేరు పట్టికలో నున్నది గాని సభలో చదువను.